వెలవని నలుపు

జూన్ 3, మంగళవారం

ఇవాళ నా మడమ షెడ్డు పరువు నిలబెట్టింది.

పొద్దున్నే తువ్వాళ్ళ కంపెనీ మనిషి వచ్చాడు. సంచీలోంచి ఒక నల్ల తువ్వాలు తీసి ఓనరు బల్ల మీద పడేశాడు. రెండు ఉతుకులకే బూడిదలా అయిపోయిందట. "ఇది నలుపేనా? మీ అద్దకం వాళ్ళకి కళ్ళున్నాయా?" అని కేకలు. ఓనరు నన్ను పిలిచాడు. తిట్లు తినాల్సి వచ్చినప్పుడు షెడ్డులో పెద్ద మేస్త్రీని నేనే. సెలవు అడిగినప్పుడు మాత్రం అందరిలో ఒకణ్ణి.

కుర్చీ లాక్కుని కూర్చుని, కుడికాలు ఎత్తి అతని ముక్కు ముందు మడమ పెట్టాను.

"ఏంటయ్యా ఇది?"

"మా నలుపు సార్. పోయిన వానల్లో తొట్టి ఒలికితే అంటింది. ఏడాదైంది. నేను షెడ్డులో బూట్లు వేసుకోను, రోజంతా నీళ్ళలోనే ఉంటాను. సబ్బు, సోడా, రంగు దింపే మందు, అన్నీ చూసింది ఈ కాలు. వెలిసిందేమో మీరే చెప్పండి. తేడా మా రంగులో లేదు, మీ ఊరి నీళ్ళలో ఉంది."

అతను వంగి చూశాడు. వేలు తడుపుకుని రుద్దాడు కూడా, పాపం. నలుపు కదల్లేదు. తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకుని, నీళ్ళు మార్చి చూస్తానని వెళ్ళిపోయాడు.

ఓనరు నా మడమకి ఫోనుతో ఫొటో తీశాడు. కొత్త బేరాలకి పంపిస్తాడట. నా ముఖానికి ఎవరూ ఎప్పుడూ అంత దగ్గర నుంచి ఫొటో తీయలేదు.

జూన్ 4, బుధవారం

మా ఆవిడ చొక్కాల కంపెనీలో గుండీలు కుడుతుంది. అందుకని లోకంలో ఉన్న వస్తువులన్నిటినీ గుండీలతోనే కొలుస్తుంది. నిన్నటి కథ చెప్పి నవ్విద్దామని మడమ చూపించాను. నవ్వలేదు. కళ్ళజోడు తెచ్చుకుంది.

"పోయినేడు ఇది కాలరు గుండీ అంత కూడా లేదు. ఇప్పుడు కోటు గుండీ అంత ఉంది."

"ఉంటే?"

"రంగు పెరుగుతుందా ఎక్కడైనా?"

"మంచి రంగైతే పరుచుకుంటుంది."

"అప్పుడు గుండ్రంగా ఉండేది. ఇప్పుడు ఒక పక్క అంచు చెదిరిపోయింది. మధ్యలో నలుపు, పక్కన ఇటుకరంగు. రెండు తొట్లలో ముంచారా ఏంటి కాలు?"

అద్దకం గురించి నాకు పాఠాలు చెప్పొద్దన్నాను. అప్పుడు వాళ్ళ కంపెనీలో ఇస్త్రీ చేసే ఆవిడ సంగతి తీసింది. ఆవిడకీ కాలివేలి మీద ఇలాగే మచ్చ వచ్చిందట. బూటు రాసుకుపోయిందని ఊరుకుందట.

"ఇప్పుడెలా ఉంది?" అన్నాను.

"ఇప్పుడు ఆవిడ బల్ల దగ్గర వేరే ఆవిడ ఇస్త్రీ చేస్తోంది."

కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇది రంగు కాకపోతే?" అంది.

దానికి నా దగ్గర మంచి జవాబే ఉంది. కానీ సరిగ్గా అప్పుడే బయట ఎవరో పిలిచినట్టనిపించింది. వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. వీధి చివరి దాకా వెళ్ళి చూసి వచ్చాను.

జూన్ 6, శుక్రవారం

రంగే.

జూన్ 8, ఆదివారం

మా ఆవిడ వాళ్ళ అక్కయ్య ఇంటికి వెళ్ళగానే స్నానాల గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. బ్రష్షుతో రుద్దాను. గరుకు రాయితో రుద్దాను. షెడ్డు నుంచి సీసాలో తెచ్చిన రంగు దింపే మందు పోశాను. బకెట్టు మీదున్న పాత మరక పోయింది. మందు చుక్కలు పడ్డ చోట నేల తెల్లబడింది. మడమ మీది నలుపు మాత్రం చెక్కు చెదరలేదు. నా పనితనం ఇంకోసారి రుజువైంది.

కొంచెం రక్తం వచ్చింది. రాయి గరుకుది కదా.

ఆవిడ వచ్చాక గుడ్డ చుట్టి ఉండడం చూసి "ఏమైంది?" అంటే గోరు తగిలిందన్నాను. మడమకి గోరెక్కడిదని అడగలేదు. అడగకపోవడమే నాకు నచ్చలేదు. గురువారానికి చర్మం డాక్టరు దగ్గర టైము తీసుకున్నానని మాత్రం చెప్పింది.

ఫోనులో కౌంటరు అమ్మాయి చెప్పిందట: ముఖానికి పౌడరు, ఒంటికి నూనె, గోళ్ళకి రంగు, ఏమీ లేకుండా రావాలి, ఇంట్లో వాడే మందులు, పూతలు అన్నీ సంచీలో వేసుకుని తేవాలి. మచ్చ మడమ మీద ఉంటే ముఖానికి పౌడరుతో వాళ్ళకేం పని? వెళ్తున్నది డాక్టరు దగ్గరికా, పోలీసు తనిఖీకా?

జూన్ 9, సోమవారం

బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

షెడ్డులో అందరూ టీకి వెళ్ళాక, ఎడమ మడమ మీద కూడా కుడిదానికి సరిపడా మచ్చ వేశాను. ఊరికే పూసుకోలేదు. చిలపలుగా చుట్టిన నూలుకి ఎలా వేస్తామో అలా: వేడి నీళ్ళు, ఉప్పు, సోడా, మళ్ళీ రంగు. అంచు కొంచెం చెదరగొట్టాను. పక్కన ఇటుకరంగు చుక్క కూడా. కన్నతల్లి కూడా తేడా పోల్చుకోలేదు.

డాక్టరమ్మ రెండిటికీ కలిపి ఏదో ఒక పెద్ద జబ్బు పేరు చెబుతుంది. అప్పుడు ఎడమకాలు చూపించి, "ఇది నేను సోమవారం వేసుకున్నానమ్మా" అంటాను. ఆవిడ ముఖం చూసి తీరాలి. ఎడమది రంగని తెలుసుకోలేని మనిషి కుడిదాని గురించి ఏం చెప్పినా లెక్కలోకి రాదు. ఇక ఆ గొడవ అక్కడితో సరి.

రేపు ఇంకో పూత వెయ్యాలి.

జూన్ 12, గురువారం

వెళ్ళొచ్చాం.

ఆ గదిలో కూర్చోవడమే ఒక తమాషా. అందరూ ఎవరి మచ్చ వాళ్ళు దాచుకుని పక్కవాళ్ళది వెతుకుతుంటారు. ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకున్నవాడు, చున్నీలోంచి ఒక్క కన్ను మాత్రమే కనిపించే అమ్మాయి, నెత్తి మీద టోపీ తీయని పెద్దమనిషి. బల్ల మీద ఆరుగురం ఇరుక్కుని ఉన్నాం. నేను మెడ గోక్కోవడం మొదలుపెట్టాను. తర్వాత చంక, తర్వాత వీపు. "ఇంట్లో అందరికీ అంటుకుంది సార్" అని పక్కాయనతో అన్నాను. కాసేపట్లో బల్లంతా మా ఇద్దరిదే. మా ఆవిడ తొడ మీద గిల్లింది. నిజంగానే గోక్కోవాల్సి వచ్చింది.

డాక్టరమ్మ వయసులో నాకంటే బాగా చిన్నది. బల్ల మీద సగం తిన్న బిస్కట్టు. వేలికి సిరా మరక. ఆ మరక చూసి ధైర్యం వచ్చింది, మన జాతే అనుకున్నాను.

కూర్చోగానే మడమ చూస్తుందనుకున్నాను. చూడలేదు. ప్రశ్నలు. ఎప్పుడు మొదలైంది, పెరిగిందా, రంగు మారిందా, దురద ఉందా, రక్తం వచ్చిందా. రక్తం రాలేదన్నాను. "వచ్చింది. ఆదివారం" అంది మా ఆవిడ, గోడ వైపు చూస్తూ. మరి ఆవిడకి తెలుసన్నమాట.

"ఏం పని చేస్తారు? ఏ రసాయనాలు ముట్టుకుంటారు?" చెప్పాను. "దీని మీద ఏమైనా రాశారా?" రంగు దింపే మందు అన్నాను. డాక్టరమ్మ పెన్ను ఆపి నా ముఖంలోకి చూసింది. మళ్ళీ రాసుకుంది.

"ఇంట్లో ఎవరికైనా చర్మం సమస్యలున్నాయా?"

"మా ఆవిడకుందండీ. నన్ను చూస్తే ఒళ్ళు మండుతుంది."

నర్సు తల తిప్పుకుని నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. "ఎన్నాళ్ళ నుంచి?" అని మా ఆవిడని అడిగింది. "పెళ్ళయినప్పటి నుంచి" అంది మా ఆవిడ. ఆడవాళ్ళు ముగ్గురూ ఒక జట్టయిపోయారు.

తర్వాత బట్టలు తీయమన్నారు. మడమ చూపించడానికి చెప్పు తీస్తే చాలు కదా అన్నాను. నర్సు ఒక పలచటి గౌను చేతికిచ్చి తెర లాగింది. దానికి ముడులు వెనకాల ఉంటాయి. వేసుకున్న మనిషి తప్ప అందరూ కట్టగలరు.

మొదలుపెట్టింది నెత్తి మీద నుంచి. జుట్టు పాయలు పాయలుగా తీసి చూసింది. కనురెప్పలు, చెవుల వెనక, నోట్లో, నాలుక కింద.

"మచ్చ కింద ఉంది డాక్టరమ్మా, మీరు పైనుంచి వస్తున్నారు."

"దారిలో ఉన్నవన్నీ చూసుకుంటూ వస్తానండీ. కంగారు పడకండి."

వీపు దగ్గర చాలాసేపు ఆగింది. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న వీపు మీద ఏముందో నాకు తెలియదు, ఆవిడకి నాలుగు నిమిషాల్లో తెలిసిపోయింది. వేళ్ళ సందులు, గోళ్ళు. తర్వాత గజ్జల్లో రెండు పక్కలా నొక్కి చూసింది. అక్కడ ఏదైనా జోకు వేద్దామని నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి ఒక్కటీ తట్టలేదు.

చివరికి పాదాలు. చిన్న దీపమున్న భూతద్దం ఒకటి తీసి, మడమకి ఆనించి అందులోంచి చూసింది. కుడిది చూసింది. ఎడమది చూసింది. మళ్ళీ కుడిది.

"ఇది ఎప్పటి నుంచండీ?" ఎడమకాలు.

"అదీ ఏడాదేనండీ. కవలలు."

మా ఆవిడ కుర్చీలోంచి లేచింది. ఎడమకాలి సంగతి ఆవిడకి తెలియదు. ముఖం పాలిపోయింది. అది చూస్తే నాకు సరదాగా ఉండాలి.

డాక్టరమ్మ నర్సుని చిన్న బ్లేడు అడిగి, ఎడమ మడమ మీద పైతోలు పల్చగా గీసింది, ఉల్లిపొర తీసినట్టు. నొప్పి లేదు. తెల్లగుడ్డ మీద పెట్టి చూపించింది. నా నలుపంతా ఆ పొరలోనే ఉంది. కింద మడమ శుభ్రంగా ఉంది.

"ఇది ఈ వారంలోదండీ" అంది.

కుడి మడమ మీద కూడా అలాగే గీసింది. పొర తెల్లగా వచ్చింది. నలుపు కిందే ఉండిపోయింది.

నేను ఆ రెండు పొరల్నీ చూస్తూ కూర్చున్నాను. ఆవిడ చెప్పింది: "అరికాలి చర్మం పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతూ కొత్తది వస్తుంటుందండీ. ఎంత గట్టి రంగైనా నెలో రెండు నెలలో, దాంతో పాటే పోవాలి. గుడ్డే రాలిపోతుంటే రంగు దేని మీద నిలుస్తుంది?"

ఎవరితో చెబుతున్నావమ్మా ఆ మాట. ఊహ తెలిసినప్పటి నుంచీ రంగుల్లోనే ఉన్నాను. ఏ రంగు దేని మీద నిలుస్తుందో నన్ను అడిగి చెబుతారు షెడ్డులో. ఏడాది పాటు ఆ మడమని అందరికీ ఎత్తి చూపించాను, ఒక్కసారి కూడా ఈ ముక్క తట్టలేదు. మా దగ్గర ఒంటి మీద ఏదున్నా దాన్ని మచ్చ అనరు. రంగంటారు, పోతుందంటారు, పోకపోతే గొప్ప రంగంటారు.

"అయితే ఇదేంటి?"

"చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిస్తాను. అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు నేను ఏ పేరూ పెట్టను."

"అంటే ఏమీ కాదన్నమాట."

"ఏ పేరూ పెట్టనన్నానండీ."

సూది గుచ్చితే మడమ మొద్దుబారింది. ఏం తీశారో ఎలా తీశారో చూడలేదు. పైన ఫ్యాను మీద దుమ్ము చాలా ఉంది. రెండు కుట్లు. ఫొటోలు తీశారు, పక్కన చిన్న స్కేలు పెట్టి. అది ఎవరికీ అమ్మడానికి కాదనుకుంటా.

బస్టాపులో మా ఆవిడ అడిగింది.

"ఎడమకాలికి ఎప్పుడు వేసుకున్నారు?"

"సోమవారం."

"ఎందుకు?"

"సరదాకి."

తిడుతుందనుకున్నాను. చాలాసేపు బస్సు వచ్చే వైపే చూసి, "మీకింత భయంగా ఉందని నాకు తెలియదు" అంది.

ఆవిడకి నా జోకులు ఎప్పుడూ అర్థం కావు.

జూన్ 13, శుక్రవారం

కుట్లు లాగుతున్నాయి. రంగు కాకపోయినా పుట్టుమచ్చ కావచ్చు. పుట్టుమచ్చలు పుట్టినప్పుడే రావాలని ఎవరన్నారు?

జూన్ 16, సోమవారం

షెడ్డుకి వెళ్ళాను. బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, పక్క తొట్టి వాడిదే. నా కట్టు చూసి ఈల వేశాడు.

"ఈసారి మేకప్పు అదిరింది బావా. కుంటుడు కూడా బాగుంది."

"ఒరేయ్, నిజంరా. ముక్క తీశారు. పరీక్షకి పంపించారు."

"ఏం పరీక్ష? పదో తరగతా?"

"ఏదో పెద్ద జబ్బేమోనని చూస్తున్నారు."

వాడు నా ముఖంలోకి చూశాడు. నేను కూడా వాడి ముఖంలోకి చూశాను, నిజం చెప్పేటప్పుడు ముఖం ఎలా పెట్టాలో గుర్తు తెచ్చుకుంటూ. సరిగ్గా రాలేదేమో. వాడు తొడ చరుచుకుని నవ్వాడు. నవ్వు తొట్టి నుంచి తొట్టికి పాకి, ఆరబెట్టే వాళ్ళ దాకా వెళ్ళింది. పోయిన చలికాలం గుండె పట్టుకుని నూలు మూటల మీద పడిపోయి, అందరూ నన్ను మోసుకుంటూ గేటు దాకా పరిగెత్తాక "టీ తాగి వెళ్దామా?" అన్నది నేనే. అది మర్చిపోయే మనుషులు కాదు వీళ్ళు.

ఓనరు మాత్రం నవ్వలేదు. "నీ మడమ ఫొటో ముగ్గురికి పంపాను. ఇప్పుడు అది రంగు కాదంటావేంటయ్యా? ఎవరితో అనకు" అన్నాడు.

అంటే ఆయనొక్కడు నమ్మాడు.

జూన్ 18, బుధవారం

రిపోర్టు రాలేదు. ఏమీ లేనివాళ్ళ రిపోర్టులు ఆలస్యంగా వస్తాయట. ఎవరూ చెప్పలేదు, నాకే అలా అనిపించింది.

జూన్ 19, గురువారం

ఓనరు కుర్చీలో తడి స్పాంజి పెట్టాను. కూర్చున్నాడు. లేచాడు. అందరూ నవ్వారు. నేను ఎందుకు పెట్టానో నాకే గుర్తు రాలేదు.

జూన్ 21, శనివారం

నిన్న క్లినిక్కు వాళ్ళు ఫోను చేసి ఇద్దరినీ రమ్మన్నారు. ఇద్దరినీ ఎందుకు? షెడ్డులో పెద్ద లోడు ఉంది, నువ్వు వెళ్ళిరా అన్నాను. లోడు ఏమీ లేదు. పార్కులో బల్ల మీద కూర్చున్నాను. ఒకాయన కుక్కకి బంతి విసురుతున్నాడు. కుక్క తెస్తోంది, ఆయన విసురుతున్నాడు. ఇద్దరికీ విసుగు పుట్టలేదు. నాకూ పుట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ చెప్పులు విప్పకుండానే వంటింట్లో నిలబడి ఉంది.

"చెడ్డదేనట" అంది.

నేను ఆగాను. మనిషి ఇలాంటి మాట చెప్పి, ఒక క్షణం ఆగి, ఫక్కున నవ్వుతాడు. నేనైతే అలాగే చేస్తాను. ఆవిడకి అలాంటివి చేతకావని నాకు తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కటి చేయలేదు. అయినా ఆ నవ్వు కోసం చూశాను. ఆవిడ పెదవుల వైపే చూస్తూ నిలబడ్డాను.

"చెడ్డదే కానీ తొందరగా చూశారట. పైనే ఉందట, లోతుకి దిగలేదట. మొత్తం తీసేస్తే సరిపోవచ్చంటున్నారు. ఇంకో ఏడాది గొప్పలు చెప్పుకుంటూ తిరిగి ఉంటే..."

చెప్పులు విప్పింది.

క్యాన్సరు. రాశాను. చూడ్డానికి మామూలు మాటలాగే ఉంది.

జూన్ 23, సోమవారం

ఇద్దరం వెళ్ళాం. ఈసారి బల్ల మీద ఇరుక్కునే కూర్చున్నాను. ఎవరినీ లేపలేదు.

డాక్టరమ్మ కాగితం మీద మడమ బొమ్మ గీసింది. బొమ్మలు గీయడం రాదు, వంకాయలా వచ్చింది. మచ్చ చుట్టూ ఇంత మేర తీసేస్తారట. తొడ మీది తోలు కొంత తెచ్చి అక్కడ వేస్తారట. ఆ పని చేసేది వేరే డాక్టరు. గజ్జల్లో గడ్డలేమీ తగల్లేదు, అయినా పరీక్ష చేస్తారట. కోసిన నెలకి ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి ఈవిడ దగ్గరికి రావాలి. మళ్ళీ నెత్తి నుంచి మొదలు.

"ప్రతిసారీ అంతా చూస్తారా?"

"ప్రతిసారీ. మధ్యలో మీరూ చూసుకోవాలి. వీపు మీకు కనిపించదు, మీ ఆవిడని చూడమనండి."

"నడుస్తానా?" అన్నాను.

గొంతు నాది కాదేమో అనుకుని పక్కకి చూశాను.

"నడుస్తారు. ఆ అతుకు పట్టుకునేదాకా కాలు కింద పెట్టకపోతే. మంచం, కుర్చీ, చేతికర్ర. అంతే. షెడ్డు వైపు చూడకూడదు. తర్వాత వెళ్ళినా బూట్లు లేకుండా వెళ్ళకూడదు."

"నేను చూసుకుంటాను" అంది మా ఆవిడ. అది నాకు చెప్పిన ధైర్యమో, బెదిరింపో తెలియలేదు.

జూలై 3, గురువారం

అయిపోయింది. మడమలో నిప్పు, తొడ మీద నిప్పు. ఒక చోట చిరుగుకి ఇంకోచోట గుడ్డ కత్తిరించారు. మా ఆవిడ వాళ్ళ కంపెనీలో ఇలా చేస్తే పనిలోంచి తీసేస్తారు.

జూలై 9, బుధవారం

కోసిన ముక్క రిపోర్టు వచ్చింది. అంచుల్లో ఏమీ మిగల్లేదట. గజ్జల్లో కూడా ఏమీ లేదట. మా ఆవిడ మూడుసార్లు చదివించుకుని వచ్చింది. ఇంటికి వచ్చి పక్కింటావిడతో గట్టిగా నవ్వుతూ మాట్లాడింది, తర్వాత స్నానాల గదిలో నీళ్ళు వదిలి చాలాసేపు ఉంది. బకెట్టు నిండి పొంగిన చప్పుడు నాకు వినిపించింది. పిలవలేదు.

జూలై 10, గురువారం

బావమరిది వచ్చాడు. సరిగ్గా కట్టు మార్చే టైముకి. అక్క గుడ్డ విప్పుతుంటే చూశాడు. మంచం చివర కూలబడ్డాడు.

"నిజమా బావా?"

"మరి చెప్పాను కదరా."

"నిజం చెప్పేటప్పుడు ముందు ఒక మాట చెప్పాలి కదా బావా! మాకెలా తెలుస్తుంది?"

ఏడుస్తున్నాడు, తిడుతున్నాడు, రెండూ ఒకేసారి. షెడ్డంతా నవ్వాం, ఒకరోజంతా నవ్వాం అని అదే మాట మళ్ళీ మళ్ళీ. నేను ఓదార్చాల్సి వచ్చింది. కోసింది నా కాలు, ఓదార్పు వాడికి.

వెళ్ళేటప్పుడు వాడి పాదాలు చూశాను. చెప్పుల్లోంచి నల్లగా, నీలంగా, ఎర్రగా. ఏది ఏమిటో ఎవడు చెప్పగలడు?

జూలై 15, మంగళవారం

కదల్లేదు.

జూలై 18, శుక్రవారం

కదల్లేదు. పిచ్చెక్కుతోంది. గోడ మీద చెమ్మ మరక ఒకటి ఉంది. అంచు చెదిరి ఉంది. మా ఆవిడతో అంటే, "అది కూడా చూపిస్తారా డాక్టరుకి?" అంది. ఇది జోకే అనుకుంటాను. ఆవిడ నేర్చుకుంటోంది.

జూలై 28, సోమవారం

అతుకు పట్టిందన్నారు. ఇంకొన్నాళ్ళు మాత్రం చేతికర్ర లేకుండా లేవకూడదట, గుమ్మం దాటకూడదట. సరే అన్నాను.

ఆగస్టు 1, శుక్రవారం

కదల్లేదు. షెడ్డులో ముదురు నీలం సరిగ్గా రావడం లేదట.

ఆగస్టు 5, మంగళవారం

కదల్లేదు. బావమరిది పాదాలు బాగానే ఉన్నాయి, పగుళ్ళు తప్ప. ఆరబెట్టే ముసలాయనకి బొటనవేలి మీద ఒకటుంది. గుడ్డతో తుడిస్తే సగం పోయింది, సగం పోలేదు. డాక్టరమ్మ దగ్గరికి పంపాలి. (వాళ్ళే ఇంటికి వచ్చి చూపించారు.)

ఆగస్టు 7, గురువారం

మొదటి చెకప్పు.

అన్నీ పద్ధతి ప్రకారం వెళ్ళాను. పౌడరు లేదు, నూనె లేదు. గౌను ముడులు నేనే వెనక్కి చేతులు పెట్టి వేసుకున్నాను, ఒకటి సరిగ్గా పడింది. మా ఆవిడ పక్కన కుర్చీలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ నెత్తి నుంచి మొదలుపెట్టింది. జుట్టు, నుదురు, కనురెప్పలు. కుడి చెవి. ఎడమ చెవి వెనక్కి వచ్చి ఆగింది.

ఆగిపోయింది.

"సిస్టర్, ఆ దీపం ఇటివ్వండి" అంది.

భూతద్దం చల్లగా తగిలింది. గదిలో గడియారం ఉందని అప్పుడే తెలిసింది. మా ఆవిడ ఒళ్ళోంచి సంచీ జారి కింద పడింది. ఎవరూ తీయలేదు. నేను గోడ మీద అతికించిన పటంలో చర్మం పొరలు చూస్తున్నాను: పైపొర, దాని కింది పొర, దాని కింద ఇంకోటి. పైదే కావాలి, పైదే కావాలి అనుకున్నాను. ఎవరిని అడిగానో తెలియదు. అలవాటు లేని పని.

డాక్టరమ్మ స్పిరిట్టు దూది తీసుకుని రుద్దింది. దూది నా కళ్ళ ముందుకి తెచ్చింది. నీలం.

"రంగండీ" అంది. "ఏమీ కాదు. తాజాగా ఉంది."

నేను ఊపిరి వదిలాను. నర్సు నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు.

"తాజాగానా?" అంది.

నాకు చెవి వెనక గోక్కునే అలవాటుంది, తొట్టిలో రంగు చూసిన వేలితోనే. ఇది ఎవరికీ చెప్పాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు.

"షెడ్డుకి ఎప్పుడెళ్ళారు?"

"ఎవరు?"

"ఎన్నిసార్లు వెళ్ళారు?"

"కర్రతోనే వెళ్ళాను. బండిలో. ఊరికే కూర్చుని..."

"నేను గుండీలు కుట్టి వచ్చేసరికి మంచం మీద మూలుగుతూ ఉండేవారు! మంచినీళ్ళు చేతికి ఇమ్మనేవారు!"

"నీ తమ్ముడి పాదాలు చూడ్డానికే వెళ్ళాను."

"వాడి పాదాలకేమైంది?"

"ఏమీ లేదు. మురికి."

"మీరిద్దరూ మాట్లాడుకుంటూ ఉండండి" అంది డాక్టరమ్మ, "నేను వీపు చూస్తాను."

వీపు చూసింది, గోళ్ళు చూసింది, గజ్జలు నొక్కింది. పైనుంచి మా ఆవిడ, కిందనుంచి డాక్టరమ్మ, మధ్యలో నేను. మడమ దగ్గరికి వచ్చాక డాక్టరమ్మ అతుకు చుట్టూ వేలితో మెల్లగా నొక్కి, "చక్కగా పట్టింది. ఇవాళ్టి నుంచి కొంచెం కొంచెం నడవండి. ఎలాగూ మొదలుపెట్టేశారు" అంది. ఆరబెట్టే ముసలాయన బొటనవేలి సంగతి చెబితే సోమవారం పంపమంది.

బయటికి వచ్చాక భుజం కోసం చెయ్యి చాపాను. మా ఆవిడ జరిగింది.

"షెడ్డు దాకా వెళ్ళిన కాలు బస్టాపు దాకా రాదా?"

అని ముందు నడిచేసింది. చేతికర్రతో నేను వెనక. కొత్త తోలు కింద రాళ్ళు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. వీధి పొడుగునా ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. కానీ ప్రతి మలుపు దగ్గరా ఆగి, వంగి, చెప్పు పట్టీ సర్దుకుంది, నేను దగ్గరికి వచ్చేదాకా.

ఆ చెప్పులకి పట్టీలు లేవు.